ఎముకల పరీక్షకు తయారై వచ్చిన మనిషి

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే ముందు రిటైరవ్వాలి అంటుంది నా హాస్టల్ స్నేహితురాలు. నాకింకా ముప్పై నిండలేదు. రిటైరైంది నేను కాదు, నా యంత్రం. మొన్న మా డయాగ్నస్టిక్ సెంటర్లో దాన్ని విప్పదీసి, లిఫ్టులో పట్టకపోతే మెట్ల మీదుగా దించి, వ్యాన్లో వేసుకుని పోయారు. దాని స్థానంలోకి కొత్తది వచ్చింది. పాతదానికి నోరు లేదు కాబట్టి దాని తరఫున నేను రాస్తున్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు ఎవరైనా చదివితే సంతోషం.

అది ఎముకల గట్టిదనం కొలిచే ఎక్స్‌రే యంత్రం. డెక్సా స్కాన్ అంటారు. రెండు రకాల బలం ఉన్న ఎక్స్‌రేలను శరీరం గుండా పంపుతుంది. ఎముక వాటిని ఒక రకంగా ఆపుతుంది, కండ మరో రకంగా, కొవ్వు ఇంకో రకంగా. ఆ తేడాలను బట్టి ఏది ఎంత ఉందో లెక్క కట్టి చెబుతుంది. కిరణాల మోతాదు చాలా తక్కువ కాబట్టి నేను గోడ వెనక్కి పోనక్కర్లేదు. అదే గదిలో మూలనున్న బల్ల దగ్గర కూర్చునేదాన్ని.

నాలాంటి మనిషికి ఇంతకంటే తగిన ఉద్యోగం ఉండదనుకుని చేరాను. బల్ల మీద పడుకున్న మనిషి కదలకూడదు, మాట్లాడకూడదు. నేను చెప్పాల్సింది రెండే మాటలు: "కదలకండి", "అయిపోయింది". స్కాన్‌కూ స్కాన్‌కూ మధ్య డ్రాయరు సగం తెరిచి అందులోని నవల చదువుకోవచ్చు. మాది సిద్దిపేట దగ్గర పల్లె. నగరానికి చదువుకోవడానికి వచ్చిన మొదటి ఏడాది కాలేజీలో నేను "ఎట్లొస్తరు సార్" అన్నందుకు క్లాసంతా నవ్వింది. అప్పటినుంచి నోరు విప్పేముందు ప్రతి మాటనూ లోపల ఒకసారి ఇస్త్రీ చేసుకోవడం అలవాటైంది. ఇస్త్రీ అయ్యేలోపు అవతలివాళ్లు వేరే సంగతిలోకి వెళ్లిపోయేవాళ్లు. మిగిలిపోయిన మాటలన్నీ డైరీలోకి పోయేవి.

మా సెంటరు మాదాపూర్‌లో, అద్దాల ఆఫీసుల మధ్య ఒక సందులో ఉండేది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ కంపెనీలు పంపించే ఉద్యోగులు. వాళ్లకు ఎముకల మీద ఆసక్తి లేదు. ఒంట్లో కొవ్వెంత, కండెంత అన్నదే కావాలి. మెడలో ఐడీ కార్డు చొక్కా లోపలికి తోసేసి అలాగే పడుకునేవాళ్లు. తెర మీద గుండెల దగ్గర క్లిప్పు ఆకారం మెరిసేది. తీసి పక్కన పెట్టండి అంటే కిడ్నీ అడిగినట్టు చూసేవాళ్లు.

"మేడమ్, పొట్ట దగ్గర ఈ పసుపు రంగు కొంచెం తగ్గించి ప్రింటివ్వరా? మా టీమ్‌లో పందెం ఉంది" అన్నాడొకడు.

"ఎముకల్లో మైనస్ ఒకటి అని వచ్చిందేంటండీ? నెగటివ్ మార్కింగా?" అని అడిగాడు ఇంకొకడు, నిజంగానే భయపడుతూ.

ఎంసెట్ రాసి, ఇంటర్వ్యూలకు వెళ్లి, ఏటేటా ఆఫీసులో రేటింగులు తెచ్చుకునే ఊరిది. ఇక్కడ దేన్ని పరీక్ష అన్నా జనం పాసా, ఫెయిలా అనే అడుగుతారు. యంత్రం మాత్రం ఎవరినీ పాసు చేయదు, ఎవరినీ తప్పించదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఊరుకుంటుంది. ఆ సంగతి జనానికి చెప్పేంత నోరు నాకు అప్పట్లో లేదు.

నాకు పని నేర్పింది మా సీనియర్ టెక్నీషియన్. గోదావరి జిల్లా మనిషి, నిజాంపేటలో అద్దెకుండేవాడు. రోజూ పొద్దున్నే మొదటి పేషెంటు కంటే ముందు యంత్రం మీద ఫాంటమ్ పెట్టించేవాడు. అంటే లోపల ఉత్తుత్తి వెన్నుపూసలు పొదిగిన ప్లాస్టిక్ దిమ్మ. దాని కొలత నిన్నటిలాగే వస్తేనే యంత్రాన్ని నమ్మాలి. "దుకాణానికి బోణీ ఎట్లాగో మనకి ఇది అట్లాగమ్మాయ్" అనేవాడు. దసరాకు యంత్రంతో పాటు ఆ దిమ్మకూ కుంకుమ బొట్టు పెట్టేవాడు. మర్నాడు మళ్లీ తనే గుడ్డతో తుడిచి, "కొలతలో కుంకుమ కూడా కలిసిందనుకో, పాపం మనకే" అనేవాడు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. వారంలో ఒక బంద్, ఇంకో రోజు రాస్తారోకో. పోయిన రోజులకు బదులు ఐటీ కంపెనీలు శనివారాలు పనిచేయించేవి. మాకూ శనివారాలు రద్దీగా ఉండేది. సీనియర్ నన్ను ఆటపట్టించేవాడు.

"ఏమ్మాయ్, రేపు మళ్లీ మీ వాళ్ల బంద్ అంటగా? రాష్ట్రమొస్తే నాకు వీసా ఇప్పిస్తావా లేదా?"

"ఇప్పిస్తాను సార్. ముందు స్కాన్ తీయించుకోవాలి. ఎముకలు బాగుంటేనే."

"చూశారా, నోట్లో నాలుక లేదనుకున్నాం!" అని రిసెప్షన్ వైపు తిరిగి కేకేసేవాడు. నవ్వేవాడు గానీ, తర్వాత కాసేపు కిటికీలోంచి బయటకు చూస్తూ నిలబడేవాడు. పిల్లలను బళ్లో వేసింది ఇక్కడే, ప్లాటు చూసుకున్నదీ ఇక్కడే. ఆ దిగులు నాకు అర్థమయ్యేది. నా సంతోషం ఆయనకు అర్థమయ్యేది. ఇద్దరం ఆ రెండింటినీ ఫాంటమ్ దిమ్మ పక్కన పెట్టి పని చూసుకునేవాళ్లం.

ఉద్యోగులు, టీచర్లు, బస్సులవాళ్లు అందరూ కలిసి సమ్మెకు దిగిన ఆ నెలల్లోనే నేను చెప్పదలచుకున్న సంగతి జరిగింది.

మా ఎదురుగా ఉన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఊడ్చి తుడిచే పనంతా ఒక కాంట్రాక్టరుది. అతని దగ్గర పనిచేసే ఒకామె నీళ్ల క్యాన్ మోస్తూ మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. కంపెనీవాళ్లు బెదిరిపోయి, యాభై దాటిన ఆడవాళ్లందరికీ ఎముకల పరీక్ష చేయించి, ఫిట్ అని సర్టిఫికెట్ తెస్తేనే పనిలో ఉంచాలని కాంట్రాక్టరుకు చెప్పారు. ముందురోజు నుంచీ క్యాల్షియం మాత్రలు మానేసి రావాలని మేం ఫోన్లో చెప్పాం. కాంట్రాక్టరు మనిషి ఆ మాట ఆ ఆడవాళ్లకు చెప్పలేదు.

అలా పరీక్షకు వచ్చిన ఆడవాళ్లలో ఒకామె అందరికంటే చివర వచ్చింది. బక్కపలచగా ఉన్నా ముంజేతులు మాత్రం తాళ్లు పేనినట్టున్నాయి. నల్లగండ్ల ఆమె పుట్టిన ఊరే. అపార్ట్‌మెంట్లు రాకముందు ఆ ఊళ్లో జొన్న కోసిందట. తాళంచెవుల గుత్తినీ, బొడ్లో దోపుకున్న వక్కాకు సంచినీ తీసి నా చేతికిచ్చి, "పైలం బిడ్డా" అంది. కాళ్ల కింద స్పాంజి దిమ్మ పెట్టి నడుము బల్లకు ఆనేలా పడుకోబెట్టాను.

"ఇది ఎన్ని మార్కులకు?" అంది పైకప్పు వైపు చూస్తూ.

"మార్కులుండవమ్మా. కదలకండి."

యంత్రం చేయి ఆమె నడుము మీదుగా సాగింది. తెర మీద వెన్నుపూసలు ఒక్కొక్కటే తేలుతున్నాయి. అంకెలు వచ్చాయి. ఆ వయసుకు మామూలుగా ఉండాల్సినంత గట్టిదనం ఉందని చెబుతున్నాయి. కానీ వెన్నుపూసల మీద మూడు తెల్లటి మచ్చలున్నాయి. గుండ్రంగా, అంచులు మరీ నున్నగా. ఒంట్లో పుట్టిన వస్తువేదీ అంత నున్నగా ఉండదు.

నేను లేచి ఆమె పక్కకు వెళ్లాను. ఎందుకో, ఆమెతో ఇస్త్రీ మాటలు రాలేదు.

"అమ్మా, ఈ పొద్దు ఏమన్న గోళీలు ఏసుకున్నవా?"

"లేదు బిడ్డా."

"క్యాల్షియం గోళీలు?"

ఆమె కళ్లు యంత్రం వైపు తిరిగాయి. "ఏందే, కడుపులున్నయి గూడ కనవడ్తయా అండ్ల?"

"కనవడ్తయి."

"ఎన్ని కనవడ్తున్నయ్?"

"మూడు."

"నాలుగేసుకున్న" అంది, యంత్రం ఒకటి తక్కువ చెప్పినందుకు కొంచెం గర్వంగా.

నాకు నవ్వాగలేదు. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. లేచి కూర్చుని కొంగు సర్దుకుంది.

"పరీచ్చ అన్నంక తయారుగాక ఉట్టిగ పోతరా ఎవరన్న? నా మనుమరాలు పరీచ్చంటే మబ్బుల, చీకటుండంగనే లేసి సదువుతది. నాకు సదువు లేకపాయె. సర్కారు దవాఖానల ఇచ్చిన గోళీలుండె. రెండు రోజుల సంది పాలు తాగిన, పొద్దుగాల నాలుగు గోళీలు మింగిన. తప్పేముంది?"

ఎముక గట్టిగా ఉందా అని అడుగుతారట, అయితే ఎముకకు పెట్టేది పెట్టి తీసుకుపోదాం. ఆమె లెక్కలో పొరపాటు లేదు. పొట్టలో ఇంకా కరగని మాత్రలు వెన్నుపూసలకు అడ్డంగా నిలబడి, యంత్రానికి అవి కూడా ఎముకలాగే కనబడ్డాయి, అంతే.

అప్పుడే సీనియర్ లోపలికి వచ్చాడు. తెర చూశాడు. "నార్మల్. పంపించేయ్."

నేను వేలితో మచ్చలు చూపించాను. ఆయన కళ్లద్దాలు ఎత్తి దగ్గరగా చూసి, "అబ్బో, మాత్రలే" అన్నాడు. నన్ను తలుపు దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు.

"చూడమ్మాయ్. తుంటి స్కాన్ వాళ్లు అడగలేదు, నడుమొక్కటే అడిగారు. నార్మల్ అని వచ్చింది. మనం ఏ దొంగపనీ చేయలేదు. మళ్లీ తీస్తే నిజం అంకె వస్తుంది. ఆ అంకె బాగుండకపోతే పొయ్యేది ఆవిడ ఉద్యోగం. నీది కాదు, నాది కాదు. ఒక్కసారి ఆలోచించుకో."

ఆయన దుర్మార్గుడు కాదు. ఆ మాట జాలితోనే అన్నాడు. అందుకే జవాబు చెప్పడం కష్టమైంది. వెనక్కి తిరిగి ఆమెనే అడిగాను.

"ఆఫీసుల నీ పనేంది అమ్మా?"

"ఊడ్సుడు, తుడ్సుడు, గ్లాసులు కడుగుడు. సమ్మె షురువైనప్పటి సంది నీళ్ల క్యాన్లు గూడ మేమే ఎత్తుతున్నం. మోసే పిలగాండ్లు ఊర్లకు పోయిండ్రు గదా."

"నడుము నొస్తదా?"

"నొయ్యకుంటె అది నడుమెట్లయితది? మొన్నొక క్యాన్ లేపినప్పుడు కలుక్కుమన్నది. వాతం పట్టింది. పసుపు, సున్నం రాసిన."

ఆ "కలుక్కుమన్నది" అన్న మాట నాకు నచ్చలేదు. లోపల ఎముక డొల్లగా ఉంటే ఒక్క క్యాన్ చాలు. మెట్ల మీద పడ్డామెకు తుంటి విరిగితే, ఈమెకు వెన్నే కూలుతుంది. ఈమె చేతికి నార్మల్ అని కాగితం ఇస్తే, రేపు ఇంకో క్యాన్ ఎత్తమని మేమే చెప్పినట్టు.

"ఈ స్కాన్ పనికిరాదు సార్. మళ్లీ తీద్దాం. మాత్రలు పోయాక" అన్నాను. గొంతు గట్టిగా రాలేదు గానీ మాట మారలేదు.

సీనియర్ ఒక్క క్షణం నన్ను చూసి, "సరే. నీ పేషెంటు, నీ మాట" అని వెళ్లిపోయాడు.

ఆమె బల్ల దిగింది. వక్కాకు సంచి నా చేతిలోంచి లాక్కుంది.

"నీ మాట ఇని, మా దిక్కు పిల్లే అని సంబురపడ్డ. నువ్వే నా నోట్ల మన్ను గొడితివి. కాంట్రాక్టరు గింత కడుపు కొట్టలే."

"మూడు దినాలు గోళీలు ముట్టకుండ రా అమ్మా."

"రాను పో."

తలుపు గట్టిగా వేసి పోయింది. కాంట్రాక్టరు ఆఫీసుకు మాత్రం "స్కాన్ సరిగా రాలేదు, మళ్లీ తీయాలి" అని కబురు పంపాం. కారణం చెప్పలేదు. చెప్పి ఉంటే పరీక్షలో కాపీ కొట్టిందన్నట్టు ఆమె పేరు నలుగురిలో నలిగేది.

మళ్లీ తీయాల్సిన రోజు బంద్ పడింది.

హాస్టల్ నుంచి నడిచి వచ్చాను. రోజూ హారన్లతో చెవులు దిబ్బళ్లేసే రోడ్డు మీద పిల్లలు వికెట్లు పాతి క్రికెట్ ఆడుతున్నారు. కొత్తగూడ చౌరస్తాలో వంటావార్పు నడుస్తోంది. రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చి పొయ్యిలు వెలిగించి, పెద్ద పెద్ద గంజుల్లో అన్నం వండి అక్కడే అందరికీ పెట్టడం ఆ రోజుల్లో నిరసన తెలిపే పద్ధతి. పొగలో, నినాదాల్లో, ఒకామె గరిటెతో చౌరస్తానంతా అదిలిస్తోంది. ఎవరూ పెద్ద గొంతుతో మాట్లాడటానికి సిగ్గుపడటం లేదు. కాలేజీలో జనం నవ్విన మాటలే మైకుల్లో మోగుతున్నాయి.

సెంటర్లో రిసెప్షన్ అమ్మాయి, నేను, డాక్టరమ్మ ముగ్గురమే ఉన్నాం. డాక్టరమ్మ రిపోర్టుల మీద సంతకం చేసే మనిషి, పాతబస్తీలో పుట్టి పెరిగింది. కొండాపూర్ నుంచి బూట్లేసుకుని నడిచి వచ్చింది. సీనియర్ ఫోన్ చేశాడు.

"మియాపూర్లో ఆపేశారమ్మాయ్. రోడ్డు మీద కూర్చోబెట్టి పులిహోర పెట్టారు. తినకపోతే వదలరట. బాగానే ఉంది గానీ మిరపకాయలు మరీ ఎక్కువ. నేను రాలేను. ఫాంటమ్ మర్చిపోకు!"

ఫాంటమ్ పెట్టాను. కొలత నిన్నటిలాగే వచ్చింది. డ్రాయర్లో పుస్తకం తెరిచాను గానీ ఒక్క లైనూ ఎక్కలేదు. బస్సులు లేవు, ఆటోలు లేవు. రాను పొమ్మని తలుపేసి పోయిన మనిషి నల్లగండ్ల నుంచి ఎందుకొస్తుంది? రాకపోతే రేపు కాంట్రాక్టరు ఇంకో సెంటరుకు పంపుతాడు. అక్కడ ఆమె మళ్లీ నాలుగు మింగుతుంది.

మధ్యాహ్నం అవుతుండగా వచ్చింది. చీర నిండా పొగ వాసన. మా చౌరస్తా దాకా ఎవరిదో బండి మీద వచ్చి, అక్కడ అన్నం వార్చడానికి ఒక చెయ్యేసి వచ్చిందట.

"గంజులు ఎత్తినవా?" అన్నాను, ముందు అదే నోట్లోంచి వచ్చింది.

"ఎత్తలే. గరిటె తిప్పిన." చెప్పులు విప్పి, అడక్కుండానే వక్కాకు సంచి తీసి బల్ల మీద పెట్టింది. "గోళీలు ముట్టలే, ఒట్టు. నా బిడ్డ తిట్టింది. ఆ పిల్ల నీ మంచికే చెప్పిందేమో, పోయి చూపిచ్చుకో అన్నది. నీ మొఖం చూసి రాలే."

"ఎట్లొస్తే ఏంది, వచ్చినవు. పండుకో."

ఈసారి వెన్నుతో పాటు తుంటి కూడా తీశాను. పాదాన్ని లోపలికి తిప్పి పట్టీ కడుతుంటే, "నిమ్మలంగ" అంది. సగంలో కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమని అరిచింది. యంత్రం ఆగలేదు.

తెర మీద ఇప్పుడు అడ్డమేమీ లేదు. అంకెలు బాగా కిందికి ఉన్నాయి. దాచుకునే వీల్లేనంత కిందికి. అదీగాక, ఒక వెన్నుపూస పైదానికంటే, కిందిదానికంటే పొట్టిగా ఉంది, కాలు పెట్టి నొక్కిన అగ్గిపెట్టెలాగ. మొన్న మాత్రలు దాని మీదే పరుచుకుని కూర్చున్నాయి.

ఆమె నా ముఖమే చూస్తోంది. "ఏమన్నది?"

టెక్నీషియన్లు ఫలితం చెప్పకూడదు. "డాక్టరమ్మ చెప్తది" అని కాగితాలు పట్టుకుని పక్క గదికి వెళ్లాను.

డాక్టరమ్మ చూసి పెదవి విరిచింది. "ఫ్రాక్చరే. ఎక్స్‌రే తీయించి ఖాయం చేసుకుందాం. మందు మొదలుపెట్టాలె. సర్టిఫికెట్ మాత్రం అన్‌ఫిట్ అని రాయాల్సిందే."

నేను ఏదో అన్నాను.

"జర గట్టిగ చెప్పమ్మా. నీ మాట నీకన్న వినబడుతుందా?"

"అన్‌ఫిట్ అని రాయకండి మేడమ్."

"మరి అబద్ధం రాయమంటవా?"

"అబద్ధం వద్దు. ఫిట్, అన్‌ఫిట్ అని రెండే మాటలు అడిగింది వాళ్లు. మనం ఆ రెండే రాయాలని ఎక్కడుంది? ఆమె ఏం చేయకూడదో రాయండి. ఏం చేయొచ్చో కూడా రాయండి. ఊడ్చే పనికి ఆమె పనికిరాదని ఈ స్కాన్ చెప్పలేదు. బరువెత్తకూడదని మాత్రమే చెప్పింది."

ఒక్క గుక్కలో అంతసేపు మాట్లాడటం నాకు అదే మొదలు. డాక్టరమ్మ కలం మూత తీసి నన్ను చూసింది. "ఇన్ని దినాలు ఈ గొంతు యాడ పెట్టినవ్?" అంది. తర్వాత రాసింది: నీళ్ల క్యాన్లు, బరువులు ఎత్తరాదు, ముందుకు వంగి దేన్నీ లేపరాదు. మిగతా పనులన్నీ చేయగలదు. చికిత్స కింద ఉంది.

ఆమెకు సంగతి డాక్టరమ్మే చెప్పింది. "నడుములో ఒక ఎముక అణిగిపోయింది. మందులు వాడితే మిగతావి నిలబడతయి. క్యాన్ మాత్రం ముట్టొద్దు."

"ఇరిగిందా?" ఆమె నమ్మలేనట్టు నడుము మీద చెయ్యేసుకుంది. "ఇరిగినంక గూడ ఇన్నొద్దులు ఊడ్సినానా నేను?"

"ఊడ్సినవ్."

"మల్ల నా నౌకరి?"

ఆ ప్రశ్నకు మా దగ్గర యంత్రం లేదు.

కాసేపటికి కాంట్రాక్టరు మనిషి నుంచి ఫోన్ వచ్చింది. డాక్టరమ్మ అత్యవసరంగా వచ్చిన ఒక గర్భిణికి స్కాన్ చేస్తోంది. రిసెప్షన్ అమ్మాయి రిసీవరు మీద చెయ్యి మూసి, "నువ్వే మాట్లాడు, నీ పేషెంటేగా" అని నా చేతిలో పెట్టింది. ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుని వింటోంది.

"ఏం మేడమ్, మీరు మెయిల్ చేసిన సర్టిఫికెట్ చూశాను. ఇదేంటి, వ్యాసం రాశారు? ఫిట్టా, అన్‌ఫిట్టా? ఒక్క ముక్కలో చెప్పండి."

"ఒక్క ముక్కల చెప్పరాదు సార్" అన్నాను. ఇస్త్రీ చేయడానికి టైము లేదు. "ఆమె మీ ఆఫీసుల అన్ని పనులు చేస్తది. క్యాన్లు ఎత్తది."

"క్యాన్లు ఎత్తేవాళ్లే లేరు కాబట్టే కదా మా గోల. మరి ఎవరెత్తాలి?"

"తాగెటోళ్లు ఎత్తాలె సార్."

అతను నోరు తెరిచేలోపే నేనే అందుకున్నాను.

"మీ ఆఫీసు పిలగాండ్లందరికి ఒంట్ల కండ ఎంతున్నదో కొలిచింది నేనే. పేర్లు చెప్పను గని, ఒక్కొక్కరు రెండు క్యాన్లు అల్కగ లేపుతరు. ఆ కండ చూసుకోనికే పైసలు కట్టి మా దగ్గరికొచ్చిండ్రు. వాళ్లతోని ఒక క్యాన్ ఎత్తియ్యండి సార్. వాళ్లకు మంచిదే. ఈమెతోని ఎత్తిచ్చి మళ్లొక్కరు పడ్డరనుకో, అప్పుడు ఎత్తొద్దని డాక్టరు ముందే రాసిచ్చిన కాగితం మీ దగ్గర ఉంటది."

అతను నవ్వాడో, దగ్గాడో తెలియలేదు. "మీరు భలే మాట్లాడతారే! మా ఫెసిలిటీ మేనేజరుతో చెప్పి చూస్తా. గ్యారంటీ మాత్రం ఇవ్వలేను."

ఫోన్ పెట్టేశాను. కుర్చీలో ఆమె కాగితం మడిచి వక్కాకు సంచిలో పెట్టుకుంటూ, "గిట్ల మాట్లాడెటిదానివి మొన్న ఎందుకు గుసగుసలాడినవ్?" అంది. లేచి, తలుపు నెమ్మదిగా వేసి వెళ్లింది.

మర్నాడు సీనియర్ వచ్చి సంగతంతా రిసెప్షన్‌లో విన్నాడు. కంప్యూటర్లో మొన్నటి స్కానూ, నిన్నటి స్కానూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "ఆ మాత్రల కింద ఇదుంది చూడు" అని అణిగిపోయిన పూసను వేలితో తాకాడు. "నేనైతే పంపించేసేవాణ్ని అమ్మాయ్." అంతే అన్నాడు. ఆ రోజు నుంచి కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ ఆయనే ఆ రెండు చిత్రాలనూ పేరు తీసేసి చూపించేవాడు. తెర మీద అంకె చూడకముందు బొమ్మ చూడమని చెప్పేవాడు.

ఈ మాట మీకూ చెబుతున్నాను. అంకె అందంగా ఉన్నప్పుడే బొమ్మను ఎక్కువసేపు చూడండి. పేషెంటును ఏం తిన్నారో అడగండి, కానీ దొంగను అడిగినట్టు అడగొద్దు. మన దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మోసం చేయడానికి రారు. తయారై వస్తారు, అంతే. ఇంకోటి, అబద్ధానికీ అన్‌ఫిట్‌కూ మధ్య రాయడానికి కాగితం మీద చాలా చోటుంటుంది. సంతకం చేసేది మీరు కాకపోవచ్చు. ఆ చోటు చూపించడం మీ పని.

మేనేజరు ఏమన్నాడో చాలా రోజులు తెలియలేదు. వాళ్ల ఆఫీసు అద్దాలు బయటి నుంచి చూస్తే ఆకాశమే తప్ప లోపలేమీ కనబడదు. ఆమె మందుల కోసం డాక్టరమ్మ దగ్గరికి ఒకసారి వచ్చిందట, నేను లేని రోజు. ఉద్యోగం ఉందో లేదో డాక్టరమ్మ అడగలేదు, ఆమె చెప్పలేదు.

సమ్మె ముగిసి, బస్సులు తిరగడం మొదలైన తర్వాత ఆ కంపెనీ మా సెంటరును ఎముకల ఆరోగ్యం మీద మాట్లాడమని పిలిచింది. సీనియర్‌కు జ్వరం. "నువ్వు పో. ఫోన్లో మాట్లాడినట్టే మాట్లాడు" అన్నాడు. ప్లాస్టిక్ వెన్నెముక, తుంటి ఎముక, కరపత్రాలు ఒక పెద్ద సంచిలో వేసుకుని వెళ్లాను.

లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఆమె గొంతు వినిపించింది.

"వంకర పెట్టకు! ఒలుకుతున్నయ్ చూడు. ముందుగాల మూతి తుడువు. మీ అమ్మ నీకు బిందె ఎత్తుడు నేర్పలేదా?"

జబ్బలు బిగిసిన చొక్కా వేసుకున్న కుర్రాడొకడు నీళ్ల క్యాన్ను పొట్టకు హత్తుకుని డిస్పెన్సర్ మీదికి ఎక్కిస్తున్నాడు. ఇంకొకడు కింద పట్టుకున్నాడు. మెడలోని ఐడీ కార్డులు రెండూ నీళ్లలో తడుస్తున్నాయి. ఆమె పక్కన నిటారుగా నిలబడి, చీపురు కర్రతో ఎటు తిప్పాలో చూపిస్తోంది. గోడ మీద ఎవరు ఏ రోజు ఎత్తాలో రాసిన కాగితం అంటించి ఉంది. పోను పోను వాళ్లు దాన్ని కూడా పోటీ చేసుకున్నారట, ఆమె ఎవరిది బాగుందో చెప్పాలట.

నన్ను చూసి ఆమె చీపురు గోడకు ఆనించింది. నేను పలకరించేలోపే వచ్చి నా భుజం మీది సంచి పట్టుకుంది.

"వద్దమ్మా, బరువుంది" అని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను.

ఆమె సంచిని ఒకసారి పైకి కిందికి ఆడించి తూకం చూసింది. తర్వాత నా ముంజేతి మీద చిన్నగా ఒక్కటేసింది.

"గిది బరువా? క్యానా ఇది? నాకు క్యాన్లు, బరువులు వద్దన్నరు. మిగతవన్నీ చేస్తదని మీ డాక్టరమ్మనే రాసిచ్చింది. ఇగ ఇడువు."

విడిచాను. ప్లాస్టిక్ వెన్నెముక సంచిలోంచి సగం బయటికి ఊగుతుండగా, ఆమె నాకంటే ముందు నడుస్తూ మీటింగ్ హాలు తలుపు తోసింది.